పళ్ళు ఊడేది వయసు వల్ల కాదు

(విజయనగరంలో జరిగిన మహిళా ఉపాధ్యాయుల సమావేశంలో ఒక చిగుళ్ళ వైద్య నిపుణురాలు చేసిన ప్రసంగ పాఠం. చివర్లో సభికులు అడిగిన కొన్ని ప్రశ్నలు, వాటికి జవాబులు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

నన్ను పిలిచినప్పుడు నిర్వాహకులు ఒక మాట అన్నారు. "మెనోపాజ్ గురించి గైనకాలజిస్టు మాట్లాడతారు, ఎముకల గురించి ఆర్థోపెడిక్ డాక్టరు గారు మాట్లాడతారు, మీరు పళ్ళు ఎలా తోముకోవాలో చెప్పండి మేడమ్" అని. తప్పకుండా చెబుతాను. కానీ దానికంటే ముందు ఆ ఇద్దరు డాక్టర్ల విషయంలోకి నేను కాస్త వెళ్ళక తప్పదు. నెలసరి ఆగిపోవడం, ఎముకలు గుల్లబారడం, చిగుళ్ళు పాడవడం, ఈ మూడింటికీ సంబంధం ఉంది. ఆ సంబంధం గురించి మీతో మాట్లాడేవాళ్ళే లేరు. గైనకాలజిస్టు నోరు తెరిచి చూపించమనరు. ఎముకల డాక్టరు చిగుళ్ళు చూడరు. మా పళ్ళ డాక్టర్లలో ఎక్కువమంది "అమ్మా, మీకు నెలసరి ఎప్పుడు ఆగింది?" అని అడగరు. ముగ్గురూ మంచి డాక్టర్లే, కానీ మధ్యలో నష్టపోయేది మీరు.

అసలు మాట ముందే చెప్పేస్తాను. యాభై దాటాక పళ్ళు కదలడం, ఊడిపోవడం వయసుతో పాటు వచ్చే మామూలు సంగతి అని మన ఇళ్ళలో అందరూ నమ్ముతారు. అది నిజం కాదు. వయసు వల్ల పళ్ళు ఊడవు. చిగుళ్ళ జబ్బు వల్ల ఊడతాయి. నెలసరి ఆగాక ఆ జబ్బు నడక వేగం పెరుగుతుంది. ఆ వేగాన్ని ఆపవచ్చు. తొలి ఐదారేళ్ళలోనే పట్టుకుంటే చాలావరకు ఆపవచ్చు.

మొన్నామధ్య ఒకావిడ వచ్చారు. కుట్టుపని చేస్తారు. వయసు నలభై ఏడు. వచ్చిన కారణం ఏమిటంటే, దారం పంటితో తెంపుతుంటే కింది వరసలో ముందు పన్ను ఊగిందట. నొప్పి లేదు, వాపు లేదు. "ఆ ఒక్క పన్నూ తీసేయండి డాక్టరమ్మా, పక్కవి బాగానే ఉన్నాయి" అన్నారు. మా దగ్గర సన్నటి కొలకర్ర లాంటి పరికరం ఒకటి ఉంటుంది, ప్రోబ్ అంటాం. దాని మీద మిల్లీమీటర్ల గీతలు ఉంటాయి. చిగురుకీ పంటికీ మధ్య సందులోకి దాన్ని మెల్లగా దించితే ఎంత లోతు దిగిందో తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న చిగురైతే ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లకు మించి దిగదు. ప్రతి పంటికీ ఆరు చోట్ల కొలుస్తాం. నేను అంకెలు చెబుతుంటే మా అసిస్టెంటు అమ్మాయి రాస్తోంది. మూడు, రెండు, మూడు. నాలుగు, మూడు, ఐదు. వెనక దవడ పళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆరు, ఏడు, ఆరు. కుర్చీలో పడుకున్న ఆవిడకు అంకెలు వినిపిస్తున్నాయి కదా, "ఏడంటే ఎక్కువా డాక్టరమ్మా?" అని అడిగారు.

ఎక్కువే. ఆవిడ బాగానే ఉన్నాయనుకున్న పళ్ళ చుట్టూ ఎముక సగానికి పైగా అరిగిపోయి ఉంది. ఊగిన పన్ను బయటపడింది అంతే. వివరాలు అడుగుతుంటే చెప్పారు, ముప్ఫై నాలుగో ఏట గర్భసంచి తీసేశారని. అండాశయాలు ఉంచారా, తీసేశారా అంటే తెలియదన్నారు. కాగితాలు లేవు. పదమూడేళ్ళుగా ఆవిడ ఒంట్లో, అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజెన్ హార్మోను ఎప్పుడు తగ్గిందో, ఎంత తగ్గిందో ఎవరూ చూడలేదు. ఈ సంగతికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే మన రెండు రాష్ట్రాల్లో ఇది ఆవిడ ఒక్కరి కథ కాదు.

ముందు పన్ను దేని మీద నిలబడుతుందో చూద్దాం. చిగురు పట్టుకుని ఉంటుందని చాలామంది అనుకుంటారు. చిగురు పైన కప్పు మాత్రమే. పంటి వేరు దవడ ఎముకలో ఒక గుంటలో ఉంటుంది. వేరుకీ ఎముకకీ మధ్య సన్నటి పీచు లాంటి కణజాలం రెంటినీ కలిపి పట్టుకుంటుంది. ఆ ఎముకకు ఒక ప్రత్యేకత ఉంది. అది పంటి కోసమే పుడుతుంది. పన్ను తీసేస్తే ఆ చోట ఎముక కూడా కరిగిపోతుంది. కట్టుడు పళ్ళు పెట్టించుకున్నవాళ్ళు నాలుగైదేళ్ళకు "సెట్టు వదులైపోయింది" అంటారు చూడండి, సెట్టు మారలేదు, కింద ఎముక తగ్గింది.

ఎముకంటే రాయిలా గట్టిగా, కదలకుండా ఉండే వస్తువు అనిపిస్తుంది కదా. కాదు. ఒంట్లో ప్రతి ఎముకలోనూ రోజూ పాతది కూల్చే కూలీలూ, కొత్తది కట్టే మేస్త్రీలూ ఉంటారు. కూల్చే కణాలను ఆస్టియోక్లాస్టులనీ, కట్టే కణాలను ఆస్టియోబ్లాస్టులనీ అంటాం. వయసులో ఉన్నప్పుడు కూల్చినంతా కట్టేస్తారు. ఈ కూలీల మీద అజమాయిషీ చేసేది ఈస్ట్రోజెన్ హార్మోను. ర్యాంక్-ఎల్ అనే ఒక ప్రోటీను కూలీలను పనిలోకి పిలుస్తుంటుంది. ఈస్ట్రోజెన్ ఉన్నంతకాలం ఆ పిలుపును అదుపులో పెడుతుంది. నెలసరి ఆగి ఈస్ట్రోజెన్ పడిపోయాక పిలుపు పెరుగుతుంది, కూలీలు ఎక్కువవుతారు, వాళ్ళు ఎక్కువకాలం బతుకుతారు కూడా. మేస్త్రీలు వెనకబడిపోతారు. నెలసరి ఆగాక మొదటి ఐదు నుంచి ఏడేళ్ళలో స్త్రీలు ఎముక సాంద్రతలో 20 శాతం దాకా కోల్పోవచ్చు. ఆ తర్వాత కూడా తగ్గుతుంది కానీ, అంత వేగంగా కాదు. అందుకే తొలి ఏళ్ళ గురించి అంత గట్టిగా చెబుతున్నాను.

నెలసరి ఆగడానికీ ఎముకలు గుల్లబారడానికీ సంబంధం ఉందని 1941లోనే అమెరికాలో ఫుల్లర్ ఆల్‌బ్రైట్ అనే వైద్యుడు చెప్పాడు. వెన్నుపూసలు విరిగి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ముట్లుడిగిన స్త్రీలే అని ఆయన గమనించాడు. ఇప్పుడు మనం డెక్సా స్కాన్‌తో తుంటి దగ్గర, నడుము దగ్గర ఎముక సాంద్రత కొలుస్తున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో పెట్టిన లెక్క ప్రకారం టి-స్కోరు, అంటే ఆరోగ్యంగా ఉన్న వయసు స్త్రీల ఎముకతో పోల్చి ఇచ్చే అంకె, మైనస్ 2.5 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే బోలు ఎముకల వ్యాధి. మైనస్ 1 నుంచి మైనస్ 2.5 మధ్య ఉంటే ఆ దారిలో ఉన్నట్టు.

తుంటిలో, వెన్నులో ఇంత జరుగుతుంటే దవడ ఎముక ఒక్కటే వదిలిపెట్టినట్టు ఉండదు కదా. పంటి చుట్టూ ఉండే ఎముకలో ఈ కూల్చడం, కట్టడం మామూలుగానే వేగంగా జరుగుతాయి, ఎందుకంటే నమిలిన ప్రతిసారీ దాని మీద బరువు పడుతుంది.

అయితే ఇక్కడ ఒక విషయం స్పష్టంగా వినండి. ఎముకలు గుల్లబారినంత మాత్రాన చిగుళ్ళ జబ్బు రాదు. చిగుళ్ళ జబ్బు మొదలుపెట్టేది సూక్ష్మజీవులు. పళ్ళ మీద పాచి పేరుకుంటుంది, అది రోజూ పోకపోతే గట్టిపడి గార అవుతుంది, ఆ గార కింద బాక్టీరియా కాపురం పెడతాయి. వాటిని తరిమికొట్టడానికి మన శరీరం పంపే రక్షణ దళమే చిగురు వాపుకీ, రక్తం కారడానికీ కారణం. అక్కడితో ఆగితే మంచిగా శుభ్రం చేస్తే చిగురు మళ్ళీ మామూలైపోతుంది. ఆగకపోతే ఆ వాపు లోపలికి దిగి ఎముకను తినడం మొదలుపెడుతుంది. ఎలా తింటుందంటే, ఇందాక చెప్పిన కూలీలను పిలిచే ఆ ర్యాంక్-ఎల్ పిలుపుతోనే. అంటే ఇటు ఈస్ట్రోజెన్ తగ్గడమూ, అటు చిగురు వాపూ ఒకే పిలుపును పెంచుతున్నాయి. పళ్ళ చుట్టూ ఎముక దగ్గర రెండూ కలుస్తాయి. పాచి లేని నోట్లో సాంద్రత తగ్గినా పళ్ళు నిలబడతాయి. పాచి ఉన్న నోట్లో, పలచబడిన ఎముక మీద అదే జబ్బు తొందరగా నడుస్తుంది.

ఇది నా ఊహ కాదు. అమెరికాలో బఫెలో అనే ఊళ్ళో నెలసరి ఆగిన 1,300 మందికి పైగా స్త్రీలను పరీక్షించారు, తుంటి, వెన్ను, ముంజేయి ఎముకల సాంద్రత ఒకవైపు, పళ్ళ చుట్టూ ఎముక ఎత్తు ఇంకోవైపు. సాంద్రత తక్కువ ఉన్నవాళ్ళలో పళ్ళ చుట్టూ ఎముక కూడా తక్కువగా కనిపించింది. ఆ పరిశోధనలోనే నాకు చాలా ముఖ్యమనిపించిన ఫలితం ఇంకొకటి ఉంది. చిగురు కింద గార లేనివాళ్ళలో ఎముక సాంద్రతకూ చిగుళ్ళ నష్టానికీ సంబంధం స్పష్టంగా కనిపించింది. గార ఉన్నవాళ్ళలో ఆ సంబంధం కనిపించలేదు. అంటే గార ఉన్నచోట నష్టంలో గారదే పైచేయి, మిగతా కారణాలన్నీ దాని వెనక దాక్కుంటాయి. మన పేషెంట్ల నోళ్ళు చూసే నాకు ఈ మాట ఎంత నిజమో తెలుసు. అందుకే ముందు గార తీయించుకోమంటాను, ఆ తర్వాతే ఎముక సంగతి.

ఈ విషయం మీద వచ్చిన అధ్యయనాలన్నీ ఒకే గొంతుతో మాట్లాడలేదు. వయసు, పొగాకు, షుగరు లాంటివి రెండు జబ్బులకూ ఉమ్మడి కారణాలు కాబట్టి వేటి వాటా ఎంతో విడదీయడం కష్టం. కానీ మొగ్గు ఎటో తెలుస్తూనే ఉంది. బ్రెజిల్‌లో 492 మంది స్త్రీలను చూశారు, అందరూ యాభై దాటినవాళ్ళు, నెలసరి ఆగినవాళ్ళు. ఎముకల జబ్బుకు మందులు వాడుతున్నవాళ్ళలో తీవ్రమైన చిగుళ్ళ జబ్బు 44 శాతం తక్కువగా ఉంది. అమెరికాలో నర్సుల మీద జరిగిన పెద్ద అధ్యయనంలో 42,171 మందిని గమనిస్తే, హార్మోను మాత్రలు వాడుతున్నవాళ్ళకు పళ్ళు ఊడే ముప్పు 24 శాతం తక్కువ అని 1996లో ప్రచురించారు. ఈ మాట విని "అయితే పళ్ళ కోసం హార్మోన్లు వేసుకుందాం" అని ఎవరూ అనుకోవద్దు. 2002లో హార్మోన్ల మీద ఒక భారీ పరీక్షను మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి వాడినవాళ్ళలో రొమ్ము క్యాన్సరు, పక్షవాతం ముప్పు పెరగడం చూసి ఆపారు. వేడి ఆవిర్లు భరించలేనంతగా ఉన్నప్పుడు గైనకాలజిస్టు మంచిచెడ్డలు చూసి హార్మోన్లు ఇస్తారు, అది వేరు. పళ్ళ కోసం మాత్రం వద్దు. పళ్ళ కోసం చేయగలిగినవి వేరే ఉన్నాయి.

ఇప్పుడు గర్భసంచి ఆపరేషన్ల సంగతి. ఇది మాట్లాడకుండా మన ప్రాంతంలో మెనోపాజ్ గురించి మాట్లాడటం నా దృష్టిలో సగం మాటే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో ఇవే రెండూ అన్నిటికంటే పైన. వీళ్ళలో నలభై నిండనివాళ్ళు చాలామంది. కారణాలు మీకు తెలుసు. తెల్లబట్ట అవుతోందనీ, నడుం నొప్పి అనీ, "ఇక పిల్లలు వద్దు కదా, ఉంచుకుంటే క్యాన్సరు వస్తుంది" అని భయపెడితేనూ. అవసరమై చేయించుకున్నవాళ్ళూ ఉన్నారు, వాళ్ళను తప్పుపట్టడం లేదు. నా బాధంతా ఆ తర్వాత ఎవరూ పట్టించుకోకపోవడం గురించే.

అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. మామూలుగా కొన్నేళ్ళ మీద మెల్లగా జరగాల్సింది కొన్ని రోజుల్లో జరిగిపోతుంది. అండాశయాలు ఉంచినా, అవి కొన్నేళ్ళు ముందుగానే పని మానేసే అవకాశం ఉంది. ఇంకో చిక్కు ఏమిటంటే, గర్భసంచి లేనప్పుడు నెలసరి ఎలాగూ రాదు. కాబట్టి మెనోపాజ్ ఎప్పుడు వచ్చిందో ఆ మనిషికే తెలియదు. మామూలు స్త్రీకి నెలసరి ఆగడం ఒక గుర్తు. గర్భసంచి తీసేసిన స్త్రీకి ఆ గుర్తే లేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళకే ఎముక తరగడం మొదలైనా, "నాకింకా వయసు ఎక్కడైంది" అనుకుంటూ ఉంటుంది. ఆ కుట్టుపని ఆవిడ విషయంలో జరిగింది అదేనని నా అంచనా. కాబట్టి మీలో గాని, మీ చెల్లెళ్ళలో గాని, మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి గాని ఆ ఆపరేషన్ చేయించుకుని ఉంటే, అండాశయాలు ఉన్నాయో లేదో డిశ్చార్జి కాగితంలో చూడండి. లేకపోతే స్కానింగ్‌లో చూపించుకోండి. నలభైకే ఎముక సాంద్రత పరీక్ష గురించి డాక్టరును అడగండి. చిగుళ్ళు కొలిపించుకోండి.

ఇంకో స్థానిక విషయం. మన ఉత్తరాంధ్రలో పెద్దవయసు ఆడవాళ్ళు అడ్డపొగ తాగడం మీకు కొత్త కాదు. చుట్ట కాలే వైపును నోట్లో పెట్టుకుని తాగడం. 1971లోనే పిండ్‌బోర్గ్ అనే డెన్మార్క్ వైద్యుడి బృందం మన రాష్ట్రంలో 10,169 మంది గ్రామస్తులను పరీక్షించి అంగిట్లో వచ్చే మార్పుల గురించి రాసింది. అంగిటి క్యాన్సరు గురించి ఇప్పుడు చాలామందికి తెలుసు. చిగుళ్ళ గురించి తెలియనిది ఏమిటంటే, పొగాకు తాగేవాళ్ళకు చిగుళ్ళ నుంచి రక్తం తక్కువగా కారుతుంది. నికోటిన్ రక్తనాళాలను కుదించేస్తుంది కాబట్టి. లోపల ఎముక పోతుంటే పైకి చిగురు పొడిగా, గట్టిగా, బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. రక్తం కారడమే మనకు మొదటి హెచ్చరిక, ఆ హెచ్చరికే లేకుండా పోతుంది. అదీకాక పొగాకు ఎముకల సాంద్రతనూ తగ్గిస్తుంది, మెనోపాజ్‌ను ముందుకూ తెస్తుంది. మీ అత్తగారు, మీ అమ్మగారు చుట్ట తాగుతుంటే "చిగుళ్ళు బాగానే ఉన్నాయి" అన్న మాట నమ్మకండి, తీసుకెళ్ళి చూపించండి.

గార తీయించుకోవడం గురించి ఒక భయం ఉంది. "క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులైపోతాయి, సందులొస్తాయి" అని. మీరంతా పిల్లలకు చదువు చెప్పేవాళ్ళు, దీన్ని నలుగురికీ విడమర్చి చెప్పాలని అడుగుతున్నాను. ఎముక ముందే పోయింది. వదులైన పళ్ళను గార సిమెంటులా అంటించి పట్టుకుని ఉంది. ఆ గారను తీసినప్పుడు లోపల ఉన్న కదలిక, ఉన్న సందు బయటపడతాయి. గార ఉంచుకుంటే కింద ఎముక ఇంకా పోతుంది. తీయించుకుంటే రెండు మూడు వారాల్లో చిగురు బిగుసుకుని, వాపు వల్ల వచ్చిన కదలిక కొంత తగ్గుతుంది కూడా. లోతు ఎక్కువ ఉన్నవాళ్ళకు చిగురు కింద వేర్ల మీద కూడా శుభ్రం చేస్తాం, అవసరమైతే చిన్న ఆపరేషన్ చేస్తాం. ఒకసారి జబ్బు వచ్చినవాళ్ళు మూడు నెలలకోసారి చూపించుకోవాలి. పోయిన ఎముక చాలావరకు తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవడమే.

ఇంట్లో చేసుకోవాల్సింది పెద్దగా ఏం లేదు. మెత్తటి బ్రష్, రోజుకు రెండుసార్లు, రాత్రిది మానకూడదు. పళ్ళ మధ్య సందులు వచ్చినవాళ్ళకు మామూలు బ్రష్ చాలదు, సందుల్లోకి వెళ్ళే చిన్న బ్రష్‌లు మందుల షాపుల్లో దొరుకుతాయి, అవి వాడండి. బొగ్గుపొడి, ఇటుకపొడి, గరుకు పళ్ళపొడులు వద్దు. చిగురు జారిన చోట వేరు బయటపడి ఉంటుంది, దానికి ఎనామిల్ ఉండదు, వీటితో రుద్దితే గాడి పడుతుంది. నెలసరి ఆగాక కొందరికి నోరు ఎండిపోతుంది, నాలుక మండుతుంది, కారం తినలేరు. లాలాజలం తగ్గితే పాచి త్వరగా పేరుకుంటుంది, వేర్ల దగ్గర పుచ్చులు వస్తాయి. "వేడి చేసింది" అని మజ్జిగ తాగి ఊరుకోకుండా చెప్పండి, దానికీ ఉపాయాలున్నాయి.

తిండి గురించి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసు ప్రకారం పెద్దవాళ్ళకు రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి, నెలసరి ఆగిన స్త్రీలకు 1,200. ఒక గ్లాసు పాలలో 240 దాకా వస్తుంది. వంద గ్రాముల రాగుల్లో 350 చిల్లర. మన ఉత్తరాంధ్రలో చోడి అంబలి తాగేవాళ్ళం కదా, అది పేదల తిండి అని వదిలేశాం. మళ్ళీ తెచ్చుకోవాలి. నువ్వులు, మునగాకు, ముళ్ళతో తినే చిన్న చేపలు, ఇవన్నీ మన వంటింట్లో ఉన్నవే. కిళ్ళీలో సున్నం వేసుకుంటే కాల్షియం వస్తుందని ఒక మాట చెబుతారు. ఆ సున్నంతో పాటు వక్క వస్తుంది, వక్క నోటికి చేసే చెడు ముందు ఆ కాల్షియం ఏ మూలకూ రాదు.

ఎండ సంగతి విని మీరు ఆశ్చర్యపోతారు. తిరుపతిలో ఎండకు కరువా? అక్కడ నెలసరి ఆగిన 164 మంది స్త్రీలను పరీక్షించి 2005లో ప్రచురించారు. విటమిన్-డి తగినంత ఉన్నవాళ్ళు 18 శాతమే. మనం ఎండ ఉన్న ఊళ్ళో ఉంటాం, కానీ ఎండలో ఉండం. బోస్టన్‌లో 65 దాటినవాళ్ళకు మూడేళ్ళు కాల్షియం, విటమిన్-డి ఇచ్చి చూశారు. అది తుంటి ఎముక కోసం మొదలుపెట్టిన పరీక్ష. పళ్ళు కూడా లెక్కపెడితే, మందు వేసుకున్నవాళ్ళలో 13 శాతం మందికి ఒక పన్నయినా పోయింది, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 27 శాతం మందికి. చిన్న పరీక్షే, 145 మంది. కానీ ఆ తేడా కొట్టిపారేసేది కాదు.

ఇంకొక్కటి చెప్పి ప్రశ్నలకు వస్తాను. పళ్ళ కోసం తీసే పెద్ద ఎక్స్‌రే, రెండు దవడలూ కనిపించేది, ఓపీజీ అంటాం, అందులో కింది దవడ అంచు ఒక తెల్లటి పట్టీలా కనిపిస్తుంది. ఆ పట్టీ మందం 3 మిల్లీమీటర్ల కంటే తగ్గినా, లోపలి అంచు చెదలు తిన్నట్టు చిరుగులుగా ఉన్నా, ఆవిడను డెక్సా స్కాన్‌కు పంపాలి. అది బోలు ఎముకల వ్యాధిని తేల్చే పరీక్ష కాదు. కానీ పన్ను కోసం వచ్చిన మనిషి తుంటి విరగకముందే జాగ్రత్తపడే అవకాశం. ఎక్స్‌రే తీసిన ప్రతిసారీ డాక్టరును అడగండి, "దవడ అంచు ఎలా ఉంది?" అని. మీరు అడిగితే మేం చూస్తాం.

(ప్రశ్నలు, జవాబులు)

ఒక ఉపాధ్యాయిని: మా అక్కగారిది నల్గొండ వైపు. అక్కడ ఫ్లోరైడ్ నీళ్ళు. ఆవిడకు డెక్సాలో ఎముక బాగా గట్టిగా ఉందని వచ్చింది. అయితే ఆవిడకు భయం లేనట్టేనా?

అలా అనుకోవద్దండి. మంచి ప్రశ్న. ఫ్లోరైడ్ ఎక్కువైన ఎముక ఫోటోలో తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది, స్కోరు బాగా వస్తుంది. కానీ అది పెళుసు ఎముక. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించింది కూడా తెలుగు నేల మీదే, 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో. కాబట్టి ఫ్లోరైడ్ ప్రాంతం మనిషికి స్కోరు ఒక్కటే చూసి ధైర్యం చెప్పకూడదు. ఎముకల డాక్టరుకు ఆ ఊరి పేరు చెప్పండి. చిగుళ్ళ పరీక్ష మామూలుగానే చేయించండి.

మరొకరు: నాకు షుగరు ఉంది మేడమ్. ఏది ముందు చూసుకోవాలి, షుగరా, చిగుళ్ళా?

రెండూ ఒకేసారి. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్ళు మానవు. చిగుళ్ళలో చీము ఉంటే షుగరు అదుపులోకి రావడం కష్టమవుతుంది. చిగుళ్ళకు వైద్యం చేశాక మూడు నెలల షుగరు పరీక్షలో అంకె కొంత తగ్గడం మేం చూస్తూనే ఉంటాం. మీ షుగరు డాక్టరుకు చిగుళ్ళ సంగతి, మాకు షుగరు సంగతి తప్పకుండా చెప్పండి.

వెనక వరసలోంచి: మా అమ్మకు డెబ్భై రెండు. ఎముకలకు వారానికో మాత్ర వేసుకునేది, ఇప్పుడు ఆరు నెలలకో ఇంజెక్షన్ ఇస్తున్నారు. పన్ను తీయించాలి. ఆ మందులుంటే పన్ను తీస్తే దవడ కుళ్ళిపోతుందని ఎవరో చెప్పారు. ఇంజెక్షన్ మానిపించేయమంటారా?

మానిపించకండమ్మా. ఈ భయంతో మందు మానేసి తుంటి విరగ్గొట్టుకున్నవాళ్ళ గురించి వింటే బాధేస్తుంది. ఆ సమస్య నిజమే. 2003 నుంచి మాకు తెలుసు, పన్ను తీసిన చోట ఎముక బయటపడి వారాల తరబడి మానకపోవడం. కానీ క్యాన్సరుకు పెద్ద మోతాదులో ఈ మందులు తీసుకునేవాళ్ళలోనే అది ఎక్కువ. బోలు ఎముకల వ్యాధికి మాత్రలు వేసుకునేవాళ్ళలో పదివేల మందికి ఇద్దరు నుంచి ఐదుగురికి. తుంటి విరిగే ముప్పు దానికంటే చాలా పెద్దది. ఆరు నెలల ఇంజెక్షన్‌ను ఆపేస్తే, లేదా బాగా ఆలస్యం చేస్తే, వెన్నుపూసలు ఒకటి తర్వాత ఒకటి విరిగిన సందర్భాలున్నాయి. ఈ మందులు ఇంకా మొదలుపెట్టనివాళ్ళు మాత్రం ముందు నోరు చూపించుకుని, తీయాల్సిన పళ్ళు తీయించుకుని, గార శుభ్రం చేయించుకుని అప్పుడు మొదలుపెడితే మంచిది. మీ అమ్మగారి విషయంలో, పన్ను తీయకుండా కాపాడే దారి ఉందేమో ముందు చూస్తాం. తీయక తప్పకపోతే, తర్వాతి ఇంజెక్షన్ నాటికి పుండు మానేలా రోజు చూసుకుంటాం, ఎముకల డాక్టరుతో మాట్లాడతాం. కిందటి ఇంజెక్షన్ ఏ తేదీన ఇచ్చారో ఆ చీటీ తీసుకుని అమ్మను వెంటబెట్టుకుని రండి.